చూసినట్టే

తంబుచెట్టి వీధిలో మూడో అంతస్తు. లిఫ్ట్ లేదు.
మెట్ల మలుపులో జెరాక్స్ మిషను వేడి.
వేదాచలం సార్ పోయాక ఆయన కుర్చీ నాకొచ్చింది,
ఆయన నడుంనొప్పితో సహా.

పద్నాలుగేళ్లుగా
పొద్దున కింది కోర్టు, మధ్యాహ్నం పై కోర్టు.
ఎర్రగోడల ఆవరణ ఒకటే, దాటడానికి ఓ టీ పట్టేంత దూరం.
కింది కోర్టులో మనుషులుంటారు:
చెమట, తమలపాకు వాసన, బోనులో కాళ్లు మార్చుకునే చప్పుడు,
పిల్లాడికి పాలిస్తూ పేరు పిలుస్తారని చెవొగ్గిన ఆడమనిషి.
పై కోర్టుకు మనుషులు రారు.
కాగితాలొస్తాయి, కుట్టించుకుని, నంబర్లేయించుకుని.
కింద వెక్కి వెక్కి ఏడ్చిన మనిషి
పైకొచ్చేసరికి పేజీ నలభై ఒకటి.

పెంచలయ్యది మా నెల్లూరు వైపే.
సవుకారుపేటలో కాగితం గోడౌనుకు కాపలా.
ఓ రాత్రి అది తగలబడింది. వాడే అంటించాడన్నారు.
చూసిన సాక్షి ఒక్కతే, ఎదురుగా ఇడ్లీలమ్మే మస్తానమ్మ.

"అగ్గిపుల్ల గీసింది ఇతనేనా? నువ్వు చూశావా?"
సర్కారు వకీలు అరవంలో అడిగాడు.
ఆమె బోను కర్రని గోటితో గీకింది.
పైన ఫ్యాను కిర్రుమంటూ ఎన్ని చుట్లు తిరిగిందో.
అప్పుడు తెలుగులో అంది:
"చూసినట్టే ఉందయ్యా."

గుమాస్తా దాన్ని అరవంలోకి తిప్పాడు.
జడ్జిగారు ఇంగ్లీషులోకి తిప్పి చెప్పారు.
టైపిస్టు కొట్టాడు.
కాగితం మీద పడేసరికి
"చూశాను."

నల్లకోట్లలో తెలుగొచ్చినదాన్ని నేనొక్కదాన్నే.
లేవలేదు.
నా వంతు వచ్చాక అడగాల్సినవి వెతుక్కుంటున్నాను:
వీధి దీపం ఎన్నడుగుల దూరం, ఆ రాత్రి వెలుగుందా,
నీ కళ్లజోడేదమ్మా...
సార్ మెచ్చుకునే ప్రశ్నలు. మెచ్చుకున్నారు కూడా,
ఆ సాయంత్రం బజ్జీలు తెప్పించి.

పదేళ్లు పడింది.

అప్పీలు ఆరేళ్లకు పిలుపుకొచ్చింది.
ముందురోజు రాత్రి పేపర్‌బుక్కు చదువుతున్నాను.
పేజీ ముప్పై ఆరు. "చూశాను."
ఫ్యాను లేదు. గోరు లేదు. ఆమె ఆగడం లేదు.
అచ్చులో ప్రశ్నకీ జవాబుకీ మధ్య
ఒక్క గీత సందు.
ఆ సందులోంచి వినబడింది నాకు, ఆరేళ్ల ఆలస్యంగా, ఆ "ట్టే".

మా అమ్మమ్మ "పులుసులో ఉప్పు వేసినట్టే ఉందే" అంటే
మేం ఉప్పు డబ్బా దగ్గర పెట్టుకునే తినేవాళ్లం.

మర్నాడు చెప్పాను: మై లార్డ్, తెలుగులో ఓ అక్షరముంది,
చూడటానికీ చూశాననుకోవడానికీ మధ్య కూర్చుంటుంది,
దాన్ని టైపు చెయ్యలేదు.
జడ్జిగారు కళ్లజోడు తీశారు.
"అప్పుడు అభ్యంతరం చెప్పారా?"
"లేదు."
"ఎవరండీ అప్పటి వకీలు?"
వెనక వరసలో ఎవరో ఫైలు పడేసుకున్నారు.
"నేనే."

మస్తానమ్మని మళ్లీ పిలిపించడానికి లేదు.
పోయి రెండేళ్లయిందట, ఇడ్లీ పాత్ర కోడలు నడుపుతోంది.

తీర్పు పేజీన్నర:
నేరం నేరమే. అనుభవించిన శిక్ష చాలు.

పుళల్ జైలు గేటు బయట
పెంచలయ్య ప్లాస్టిక్ సంచిని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు.
ఎండకు కళ్లు చికిలించి అడిగాడు,
"గెలిచినట్టేనా అమ్మా?"

ఇంతకాలం ఎన్ని కోర్టుల్లో మాట్లాడానో.
ఇంగ్లీషులో గంటసేపు ఆపకుండా.
"గెలిచినట్టే" అన్నాను.

అతనూ తెలుగువాడే.
ఇంకేమీ అడగలేదు,
బస్సుకు చిల్లరుందా అని తప్ప.